మూడుసార్లు తిప్పి పంపిన బుడ్డి

పద్దు 1
సోమవారం, ఒకటో తేదీ. చెరుపు తర్వాత 38వ ఏడు

ఇవాళ్టి నుంచి రెండు చిట్టాలు రాస్తాను. మొదటిది గదిది. రెండోది ఇది, నాది. గది చిట్టాలో అభిప్రాయాలకు గడి లేదు. నాకేమో అభిప్రాయాలు ఎక్కువ. ఈ పుస్తకానికి ఎడమ పక్క అంచు కొట్టాను. నేను ఏదైనా తప్పు చేస్తే అక్కడ నంబరు వేసుకుంటాను. అంచు సన్నగానే కొట్టాను. పెద్దగా పని పడదని.

కొత్తరేవు వైద్యశాల చరిత్ర గదిలో ఈ ఉదయానికి 4,112 గాజు బుడ్లున్నాయి. ఒక్కోటి చిటికెన వేలంత. ఒక్కో దానిలో ఒక్కో రోగి చరిత్ర పలచటి మజ్జిగలా బతుకుతూ ఉంటుంది. జ్వరాలు, కోతలు, కాన్పులు, పడని మందులు, అన్నీ అందులోని సూక్ష్మజీవులే గుర్తుపెట్టుకుంటాయి. యంత్రాల జ్ఞాపకమంతా ఒకే మధ్యాహ్నం చెరిగిపోయినప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. మా బడిలో మార్కుల జాబితాలు పోయాయని పిల్లలు గంతులేశారు. ఆ తర్వాత ఏ ముఖ్యమైన సంగతినీ ఎవరూ యంత్రానికి అప్పగించలేదు.

బుడ్డికి మూడు రోజులకోసారి చెంచాడు గంజి పోయాలి. పోయకపోతే మరుపు మొదలవుతుంది, అదీ పాత సంగతుల నుంచి. నకలు తీయడం కుదరదు. తొలి రోజుల్లో ఒక బుడ్డి నుంచి ఇంకో బుడ్డికి తోడు వేసి చూశారట. రెండో బుడ్డిలో ఎడమ మోకాలు కాస్తా కుడి మోకాలయింది. అందుకని మనిషికి ఒకటే బుడ్డి. వార్డుకు వెళ్లినది డెబ్బై రెండు గంటల్లో నా కిటికీకి తిరిగి రావాలి. వార్డులో రాసుకోవచ్చు. చదవడం, గంజి పోయడం నా గదిలోనే.

తొమ్మిదింటికి సూపరింటెండెంటు డాక్టర్ ఫరీదా వచ్చింది. ఆరో తరగతిలో ఆమెకు లెక్కలు చెప్పింది నేనే. ఇప్పటికీ నా ముందు కుర్చీలో అంచు మీదే కూర్చుంటుంది.

"టీచర్, పోయిన నెల అరవై ఒక్క శాతం బుడ్లే టైముకి తిరిగొచ్చాయి."

"మూడు వందల పన్నెండుకి నూట తొంభై. అరవై పాయింట్ తొమ్మిది."

"అరవై ఒకటి అనుకుందాం టీచర్."

"అనుకోవడానికి ఇదేమైనా కథా? లెక్క."

ఆమె నవ్వు ఆపుకుంది. "నెలాఖరుకి తొంభై ఐదు కావాలి. పోయిన నెల ఇద్దరి బుడ్లు మతి తప్పాయి. ఒకాయనకి తీసేసిన ఉండుకం మళ్లీ వెతికారు."

"వారంలో సరిచేస్తాను" అన్నాను.

సాయంత్రం కలిపిన వాక్యం: అంచులో 1 వేశాను. వారం అని ఎందుకన్నానో తెలియదు. నాకు గడువు చెప్పే జబ్బు ఉంది.


పద్దు 2
బుధవారం, మూడో తేదీ

కొత్త నిబంధనలు అతికించాను. ప్రతి బుడ్డి మెడకు ఒక కాగితం పట్టీ. దాని మీద నాలుగు గళ్లు. డాక్టరు ముద్ర, సిస్టరు ముద్ర, లాబ్ ముద్ర, మందుల గది ముద్ర. నాలుగూ ఉంటేనే కిటికీలో తీసుకుంటాను. ఒక్కటి లేకపోయినా వెనక్కి. సగం రాసిన చరిత్ర నా అరలో కూర్చోదు. ముద్ర గడి దాటకూడదు. దాటిన ముద్ర ముద్ర కాదు, మరక.

ఆలస్యం చేసిన డాక్టర్ల పేర్లు రాయడానికి కాంటీన్ గుమ్మం పక్కన నల్లబల్ల పెట్టించాను. మొదటి రోజే పైన సర్జన్ డాక్టర్ తారకేశ్వర్ పేరు రాశాను, నాలుగు బుడ్లు. నా చేతిరాత నలభై ఏళ్లుగా మారలేదు. చాలా తృప్తిగా అనిపించింది.

ఇంటికి వెళితే మనవరాలు ఏదో బొమ్మ వేస్తూ నన్ను చూసి కాగితం పుస్తకం కింద దాచేసింది. "పూర్తయ్యాక చూపిస్తా మామ్మా" అంది. నా పెంపకం అనుకుని ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.


పద్దు 3
మంగళవారం, తొమ్మిదో తేదీ

మొదటి వారం: బయటికి వెళ్లినవి 78, టైముకు వచ్చినవి 47. అరవై పాయింట్ రెండు ఆరు. నల్లబల్ల పెట్టాక శాతం తగ్గింది. సుద్దముక్కలో లోపం ఉండదు కదా.

బల్ల మీద నేను రాసిన పేర్ల కింద ఎవరో రాశారు: "మామ్మగారి గంజిలో ఉప్పు ఎక్కువ."

ఇది అల్లరి. అయినా గదికి వచ్చి తూకం వేశాను. లీటరుకు అర చెంచా ఎక్కువే ఉంది. అంచులో 2. తగ్గించాను. ఎవరు రాశారో కనుక్కోవాలి. చేతిరాత గుండ్రంగా ఉంది, చదువుకున్న వాళ్లది కాదు.

డాక్టర్ తారకేశ్వర్ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆరడుగుల మనిషి, కిటికీ కోసం వంగి మాట్లాడాలి.

"మామ్మగారూ, నా పేరు బల్ల మీద ఉందని మా ఆవిడకి కూడా తెలిసిపోయింది."

"ఆమెకైనా చదువు వచ్చినందుకు సంతోషం."

"నేను బుడ్డి పంపించానండీ. మీరే వెనక్కి పంపారు, సిస్టరు ముద్ర లేదని. ఆ సిస్టరు సెలవులో ఉంది. ఆవిడ వచ్చేదాకా అది నా జేబులో కూర్చుంది."

"అది మీ జేబు సమస్య."

అతను ఏదో అనబోయి, వంగి ఉన్న నడుము పట్టేసి, అలాగే వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను.


పద్దు 4
సోమవారం, పదిహేనో తేదీ

రెండో వారం: వెళ్లినవి 80, టైముకు వచ్చినవి 39. నలభై ఎనిమిది పాయింట్ ఏడు ఐదు. మూడుసార్లు కూడాను. మూడుసార్లూ అదే.

క్రమశిక్షణ చాలలేదన్న మాట. రేపటి నుంచి కిటికీకి గంట కడతాను. వెనక్కి పంపిన ప్రతి బుడ్డికీ ఒకసారి మోగిస్తాను, కాంటీన్ దాకా వినపడేలా.

ఈ ఉదయం పది గంటలకు 2,087 నంబరు బుడ్డి నాలుగో అంతస్తుకు వెళ్లింది. మనిషి పేరు నూకరత్నం, నలభై ఆరేళ్లు, నాచు తెప్పల మీద పని. పిత్తాశయంలో రాళ్లు. గురువారం పదకొండింటికి ఆపరేషన్. మూడేళ్ల కిందట గవ్వలపాలెం ఆసుపత్రిలో ఆమెకు ఇచ్చిన మత్తుమందు పడక గుండె నాలుగు నిమిషాలు ఆగింది. ఏ మందో ఆమెకు తెలియదు. గవ్వలపాలెం ఇప్పుడు సముద్రం అడుగున ఉంది, ఆసుపత్రితో సహా. ఆ మందు పేరు తెలిసింది ఒక్క ఈ బుడ్డికే. పరీక్షల ఫలితాలు రాసి వెంటనే పంపేయమని పట్టీ మీద ఎర్ర గీత గీసి ఇచ్చాను. కొత్త ఫలితాలు చేరాకే చదవాలని నిబంధన, కాబట్టి గురువారం పొద్దున్నే నా గదిలోని చదివే తొట్టిలో పెట్టి మందు పేరు పైకి పంపాలి.


పద్దు 5
బుధవారం, పదిహేడో తేదీ

గంట బాగా మోగుతోంది. నిన్న తొమ్మిదిసార్లు.

నాలుగో అంతస్తు అటెండరు అప్పలకొండ నిన్న పదకొండింటికి 2,087 పట్టుకొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, గాలిమర తిరగక లిఫ్టు ఆగిపోతే మెట్లన్నీ దిగి వస్తాడు. లాబ్ ముద్ర లేదు. వెనక్కి. గంట.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ వచ్చాడు. లాబ్ ముద్ర ఉంది, డాక్టరు ముద్ర లేదు.

"డాక్టరు గోరు తియేటర్లో ఉన్నారమ్మా. ముందు బుడ్డీ లోపలెట్టీయండి. నాను ముద్ర ఏయించుకుని కాయితం తెచ్చేస్తాను."

"కాగితం వేరుగా, బుడ్డి వేరుగానా? తల ఒకచోట, మొండెం ఒకచోట ఉంటే మనిషంటారా?"

"అనరమ్మా" అన్నాడు. వెనక్కి. గంట.

ఇవాళ తొమ్మిదింటికి మూడోసారి. నాలుగు ముద్రలూ ఉన్నాయి. మందుల గది ముద్ర గడి దాటి పక్క గడిలోకి ఒరిగింది. కొలిచాను. రెండు మిల్లీమీటర్లు.

"అమ్మా, ఇంకేటి?" అన్నాడు.

చూపించాను. వాడు ఆ రెండు మిల్లీమీటర్లను చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బుడ్డి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గంట మోగించాను. ఎర్ర గీత ఉన్న బుడ్డి కాబట్టి రెండుసార్లు.


పద్దు 6
గురువారం, పద్దెనిమిదో తేదీ

7.10. 2,087 అరలో లేదు.

7.25. నాలుగో అంతస్తు ఎక్కాను. లిఫ్టు లేదు. నా మోకాళ్లకు ఎడమ, కుడి తేడా లేదు, రెండూ తిట్టాయి. వార్డులో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పలకొండ కింద ఎక్కడో ఉన్నాడట.

7.40. నూకరత్నాన్ని మొదటిసారి చూశాను. 4,112 మంది చరిత్రలు కాపాడుతున్నాను గానీ, వాళ్లలో పది మంది ముఖాలు కూడా నాకు తెలియవు. ఆమెకు రాత్రి నుంచి నూట మూడు జ్వరం. పక్కనే తారకేశ్వర్ నిలబడి ఉన్నాడు.

"వాయిదా వేయొచ్చా?" అన్నాను.

"లోపల చీము పట్టిందండీ. ఆగితే పగులుతుంది. మత్తుమందులు నా దగ్గర మూడు రకాలున్నాయి. ఏది పడదో చెప్పండి చాలు." ఈసారి అతను వంగలేదు. నేనే తల ఎత్తి చూడాల్సి వచ్చింది.

నూకరత్నం కళ్లు తెరిచి, "నా బుడ్డీ పోనాదేటండీ?" అని అడిగింది.

"పోలేదు. ఆలస్యమైంది."

"ఎవరు సేసేరు?"

"కనుక్కుంటాను" అన్నాను, బడిలో దొంగను పట్టే గొంతుతో.

8.05. ఫరీదా నా గదికి వచ్చింది. పది గంటలకు బుడ్డికి డెబ్బై రెండు గంటలు నిండుతాయి. ఆ తర్వాత మొదట చెరిగేది పాత సంగతులే.

"టీచర్, ఎవరెవరు ఆలస్యం చేస్తున్నారో మీ దగ్గర వివరంగా ఉందా?"

ఉండకేం. రిజిస్టరు తీశాను. దాని అడుగున ఇంకో పుస్తకం ఉంది, 'తిప్పి పంపినవి'. తేదీ, గంట, కారణం. ప్రతిదీ రాస్తాను. రాస్తానే గానీ దాన్ని ఎప్పుడూ కూడలేదు. తిప్పి పంపినవి నా దృష్టిలో రానివే. రానివాటిని కూడడం ఎందుకు?

ఫరీదా ఆ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. "ఇవి ఎన్ని టీచర్?"

కూడాను. రెండు వారాల్లో ఆలస్యమైనవి మొత్తం 72. వాటిలో 64 బుడ్లు టైముకే నా కిటికీకి వచ్చాయి. నేనే వెనక్కి పంపాను. కొన్నింటిని రెండుసార్లు. నిజంగా ఆలస్యం చేసినవాళ్లు ఎనిమిది మంది.

మళ్లీ కూడాను. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి జవాబు నచ్చకపోతే మళ్లీ కూడే హక్కు ఉంది. అరవై నాలుగే వచ్చింది.

చివరి పేజీలో నా మారని చేతిరాతలో మూడు వరుసలున్నాయి. 2,087, మంగళవారం 11.00, లాబ్ ముద్ర లేదు. 2,087, మంగళవారం 4.00, డాక్టరు ముద్ర లేదు. 2,087, బుధవారం 9.00, ముద్ర వంకర.

దొంగ దొరికింది. చేతిలో సుద్దముక్క కూడా ఉంది.

ఫరీదా పుస్తకం మూసి నా వైపు జరిపింది. ఆరో తరగతిలో నేను ఆమెను బెంచీ ఎక్కించాను. ఇప్పుడు అదే గుర్తొచ్చి ఉంటే, ఆ పిల్ల చాలా మర్యాదస్తురాలు.

8.25. అప్పలకొండ దొరికాడు. మెట్ల కింద నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని.

"నాలుగోసారి ఎందుకు తేలేదు?"

"బయమేసిందమ్మా."

"దేనికి?"

"గంటకి."

"బుడ్డి ఎక్కడుంది?"

నేల చూశాడు. "సెప్తే మా అందరి ఉజ్జోగాలూ పోతాయమ్మా. నానొక్కడినే అయితే సెప్పీసేవోణ్ణి."

అందరూ అంటే ఎవరు? అప్పుడు నల్లబల్ల మీది మాట బుర్రలో తిరిగింది. మామ్మగారి గంజిలో ఉప్పు ఎక్కువ. నా గంజిని మనుషులెవరూ తాగరు. బుడ్లే తాగుతాయి. దానిలో ఉప్పు ఎక్కువని చెప్పాలంటే, ఇంకో గంజితో పోల్చి చూసి ఉండాలి. ఇంకెక్కడో ఎవరో బుడ్లకు గంజి పోస్తున్నారు.

ఈ వైద్యశాలలో గంజి వార్చే చోట్లు రెండు. ఒకటి నాది.

8.40. కాంటీన్. రెండో అంతస్తు. వంటావిడ తాయారు నాకంటే రెండేళ్లే చిన్నది. అయినా నన్ను మామ్మగారూ అంటుంది, కావాలనే.

"రండి మామ్మగారూ. ఇంతకాలానికి వంటగది గుమ్మం తొక్కారు. ఉప్పు సరిపోయిందా?"

"బుడ్లు ఎక్కడ?"

ఆమె అప్పలకొండ వైపు చూసింది. వాడు తల ఊపాడు. పెరుగు కుండలు పెట్టే వెచ్చటి అర మీది గుడ్డ తీసింది. కుండల వెనకాల, ఇత్తడి పళ్లెంలో, పదకొండు బుడ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని కింద బొగ్గుతో గీతలు. ఎన్నిసార్లు గంజి పోసిందో లెక్క.

"అక్షరాలు రావు గానీ గీతలొచ్చు" అంది తాయారు. "బల్ల మీది మాట ఒకరిచేత కాగితం మీద రాయించుకుని, చూసి దింపాను. అటెండర్లు పాపం జేబుల్లో పెట్టుకుని తిరుగుతుంటే నేనే ఇలా పెట్టమన్నాను. తోడును వెచ్చగా ఉంచడం నాకు ఇప్పుడు ఒకరు నేర్పాలా? మీరు వద్దన్నవాటిని నేను సాకాను. ఇప్పుడు పైకి చెప్పి నన్ను తీయించేయండి."

"రెండు వారాలుగా ఇక్కడే ఉంటున్నాయా?"

"నెల దాటింది. అప్పట్లోనూ ఏదో వంక పెట్టి మీరు వెనక్కి పంపేవారుగా, నాలుగు ముద్రలూ గంటా లేవంతే."

రోజూ మధ్యాహ్నం నేను తినే పెరుగన్నం ఆ అర ముందు నుంచే వస్తోంది. బాగుందని ఒకసారి మెచ్చుకున్నాను కూడా.

2,087 చివరి నుంచి రెండోది. మూత తీసి వాసన చూశాను. తాజా మజ్జిగ. నా గదిలో ఏ బుడ్డీ ఇంత బాగా వాసన వేయదు.

8.52. దీన్ని నేను ఎవరికీ చెప్పను, ఇక్కడే రాస్తాను. పద్ధతి ప్రకారం అప్పలకొండ బుడ్డిని కిటికీ దగ్గరికి తెచ్చి అందించాడు. నా చెయ్యి దానంతట అదే పట్టీని పైకి తిప్పింది. నాలుగో ముద్ర. రెండు మిల్లీమీటర్లు. నా నోరు తెరుచుకుంది. "వె" అనే అక్షరం బయటికి వచ్చింది కూడా. ఎడమ చేత్తో నోరు మూసుకుని, కుడి చేత్తో బుడ్డి తీసుకున్నాను.

అప్పలకొండ గంట వైపు చూశాడు. గంట విప్పి చెత్తబుట్టలో వేశాను.

9.16. తొట్టి చదివింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట చెరగలేదు. రెండో రకం మందు పడదు. తారకేశ్వర్‌కు చీటీ పంపాను. ఆలస్యమైతే ఏది ఇచ్చేవారని అడిగాను. చీటీ వెనక రాసి పంపాడు: "రెండోది. అందరికీ అదే ఇస్తాం."

ఆ చీటీని ఈ పేజీకి అతికించాను. అంచులో నంబరు వేయలేదు. ఆ అంచు పట్టదు.


పద్దు 7
అదే రోజు, రాత్రి

ఆపరేషన్ అయింది. నూకరత్నం మాట్లాడింది. మొదటి మాట, "టీ ఉందేటి?"

నల్లబల్ల తుడిచి ఒకే పేరు రాశాను, నాది. పేరిందేవి, చరిత్ర గది, 64 బుడ్లు. తాయారు వచ్చి చూసి, సుద్దముక్క తీసుకుని కింద ఒక చిన్న గీత గీసింది. అదేమిటంటే, "మీకూ గంజి పోశానని" అంది.

కొత్త నిబంధన ఒకటే. బుడ్డి ఏ స్థితిలో వచ్చినా ముందు లోపలికి తీసుకుంటాను. లోపాలు చీటీ మీద రాసి వార్డుకు పంపుతాను. ముద్ర వేయాల్సినవాళ్లే కిందికి వచ్చి వేస్తారు. వాళ్ల కోసం ఒక బల్ల, ఒక కుర్చీ, మజ్జిగ కుండ పెట్టించాను. తాయారు బుడ్లను సాకినందుకు శిక్ష వేయాలా అని ఫరీదా నన్నే అడిగింది. ఆమె గంజి కొలత రాయించుకున్నాను. నా గదిలో ఇక అదే గంజి.

ఫరీదా వెళ్తూ ఆగింది. "టీచర్, మీరు తిప్పి పంపినవి కూడా కలిపితే ఈ రెండు వారాల్లో టైముకి వచ్చినవి ఎంత?"

"నూట యాభై ఎనిమిదికి నూట యాభై. తొంభై నాలుగు పాయింట్ తొమ్మిది మూడు ఏడు."

ఆమె గుమ్మంలో నిలబడింది.

"తొంభై ఐదు అనుకో" అన్నాను.

ఇంటికి వెళ్లి మనవరాలిని ఆ బొమ్మ చూపించమన్నాను. "ఇంకా అవలేదు మామ్మా" అంది. అవకపోయినా పరవాలేదన్నాను. నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. అది నా బొమ్మే. ఇంకా నోరు వేయలేదు. ఆ బొమ్మలో నేను చాలా బాగున్నాను.


పద్దు 8
బుధవారం, ఇరవై నాలుగో తేదీ

నూకరత్నం ఇంటికి వెళ్లే ముందు నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేయి పొట్ట మీద పెట్టుకుని నెమ్మదిగా. అప్పలకొండ పక్కనే ఉన్నాడు.

"నా బుడ్డీని మూడుసార్లు ఎనక్కి పంపేసింది మీరేనటండీ?"

"నేనే."

"ఎవరు సేసేరో కనుక్కుంటానన్నారు ఆ రోజు."

"కనుక్కున్నాను."

"మరి నాలుగోసారి ఎందుకు తీసుకున్నారు?"

మంచి జవాబులు రెండు మూడు తోచాయి. అన్నీ నన్ను కాస్త గొప్పగా చూపించేవే. "నాలుగోసారి కాదమ్మా. మొదటిసారే తీసుకోవాల్సింది" అన్నాను.

ఆమె కిటికీలోంచి అరల వైపు చూసింది. "బుడ్డీ ఓపాలి సూపిస్తారా?" అంది. ఇచ్చాను. వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంతేనేటి నేను" అని నవ్వింది. కుట్లు లాగినట్టున్నాయి, వెంటనే ఆపేసింది.

ఆమె వెళ్లాక బుడ్డిని అరలో పెట్టే ముందు, చరిత్రలోకి మాటలు ఎక్కించే రాత సూది తీశాను. గదిని కాపాడేవాళ్లు ప్రతి చరిత్రలో ఒక్క వాక్యం చేర్చవచ్చు. ఆ హక్కును ఇంతవరకూ ఎప్పుడూ వాడలేదు. చేర్చాను: "ఈ బుడ్డి వార్డు నుంచి మూడుసార్లు సకాలంలో వచ్చింది. ఆలస్యం చేసింది చరిత్ర గది." ఆమె ఎంతకాలం బతికితే అంతకాలం, గంజి పోసినన్నాళ్లూ, అది అలాగే ఉంటుంది.

వాక్యం కింద నా ముద్ర వేయాలి. పట్టీ మీద మిగిలిన కాస్త జాగాలో చిన్న గడి గీసి వేశాను. కొలిచాను. గడి దాటి మూడు మిల్లీమీటర్లు ఒరిగింది.

అలాగే అరలో పెట్టాను.